నాలుగో టైరు

పోయిన వారం మనం నర్సును ఇంటి పెరట్లో, బండి పక్కన మోకాళ్ళ మీద వదిలి వచ్చాం. కొన్నాళ్ళుగా ఆసుపత్రి పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పిన ప్రతిసారీ, వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టు బండి గునుస్తోంది. పెట్రోలు ముందుకంటే తొందరగా అయిపోతోంది. ఒక్కోరోజు అద్దం ఆమె కళ్ళ ఎత్తుకు ఉండటం లేదు. ఇంట్లో బండి నడిపేవాళ్ళు ఇద్దరే. ఒకరు తను. రెండోవాడు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి, తన భర్త. తను కాకపోతే ఆయనే. ఎక్కడికి వెళ్తున్నాడో మాత్రం చెప్పడం లేదు. ఆ అనుమానంతోనే ఒక్కొక్క టైరునూ అరచేత్తో తడుముతూ వచ్చి, వెనక ఎడమ చక్రం దగ్గర ఆగిపోయింది. మూడు టైర్ల గాట్లు అరిగి నునుపెక్కాయి. నాలుగోదాని గాటులో బొటనవేలి గోరు మొత్తం దిగిపోయింది.

అది కొత్త టైరు. ఆ బండికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. నాలుగూ ఒకే రకంగా అరిగితేనే దానికి సుఖం. ఒకటి కొత్తదీ మూడు పాతవీ అయితే మలుపులో ఒకదానితో ఒకటి పేచీ పెట్టుకుంటాయి. గునుపు ఎందుకో ఆమెకు తెలిసిపోయింది. తెలియాల్సింది ఒక్కటే, ఆ టైరు వేయించింది ఎవరని.

షెడ్డులో చిత్రిక పట్టే మిషను ఆగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. వడ్రంగి పలక అంచు మీద వేలు పోనిచ్చి చూసుకుని, తృప్తిపడి, అప్పుడు తలెత్తాడు.

"వెనకాల ఎడమ టైరు ఎప్పుడు మార్చారు?" అంది.

అతను కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "టైరా? నేనేం మార్చలేదే."

"నేనూ మార్చలేదు. మరి దానంతటదే మారిందా?"

"ఆసుపత్రి దగ్గర ఎవరికైనా ఇచ్చావేమో. గుర్తు చేసుకో."

"నా బండి నేనెవరికిస్తానండీ." ఆమె లోపలికొచ్చి, రంపపు పొట్టు పక్కకు తుడిచి స్టూలు మీద కూర్చుంది. "పోట్లాడటానికి రాలేదు. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పండి చాలు. ఎలాంటిదైనా వింటాను. చెప్పకుండా ఉండటమే నేను భరించలేను."

వడ్రంగి తొందరగా మాట్లాడే మనిషి కాదు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నేను ఎక్కడికీ వెళ్ళట్లేదు. నువ్వు నమ్మట్లేదని నీ ముఖమే చెబుతోంది. నమ్మించడానికి నా దగ్గర ఇంకో మాట లేదు మరి."

ఇన్నేళ్ళ కాపురంలో ఒకరి మాట ఒకరు తూకం వేసి చూసుకున్న రోజు లేదు. ఇవాళ ఆమె మనసులో వేసింది. తూకం ఎటూ మొగ్గలేదు. అదే ఆమెను భయపెట్టింది.

"ఆ టైరు నేను వేయించాను."

గుమ్మంలో అత్తగారు. వాన వస్తుందని తీగ మీది బట్టలు తీసుకొచ్చిన బుట్ట చంకలో ఉంది.

"నువ్వా?" అన్నాడు కొడుకు.

"నేనే. పాతది రాయి కోసుకుని పక్కకి చిరిగింది. షాపువాడు నాలుగూ మార్చాలన్నాడు. చిరిగింది ఒక్కటే కదయ్యా, మిగతా మూడింటికీ ఏం రోగం అన్నాను. వాడేదో చెప్పబోయాడు. నాకు తొందర, వినలేదు. దానివల్ల మీ ఇద్దరికీ గొడవొస్తుందని తెలిస్తే వినేదాన్ని."

"నువ్వు బండి తోలావా?"

"మీ నాన్న ఉన్నప్పుడు కలప మిల్లు లారీ ఎవరు తోలారనుకున్నావు? ఆయన పోయాక తోలాలనిపించలేదు. తోలడం రాకపోవడం వేరు, తోలకపోవడం వేరు." అత్తగారు బుట్ట కిందపెట్టి కోడలి వైపు తిరిగింది. "సీటు వెనక్కి జరిపే పెట్టేదాన్ని. అద్దం మర్చిపోయేదాన్ని. అంతే కదూ?"

నర్సు తల ఊపింది. ముందు భర్త వైపు చూసింది. అతను పలకకేసి చూస్తున్నాడు. స్టూలు దిగి అతని చొక్కా మీది పొట్టు దులిపింది. అతను దులపనిచ్చాడు. ఆ పూటకు క్షమాపణ అడగడమూ ఇవ్వడమూ అలాగే అయిపోయాయి.

"ఎక్కడికత్తయ్యా?" అంది అప్పుడు.

"కొండ మీదికి. వాతావరణ కేంద్రానికి." అత్తగారు ఒక్క క్షణం ఆగింది. "మీ నాన్నగారి దగ్గరికి."

కొత్తగా ఈ కథ అందుకున్నవారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నర్సు తండ్రి కొండ మీద వానా గాలీ కొలిచే ఉద్యోగం చేసి, ఉద్యోగం అయిపోయాక కూడా ఆ క్వార్టర్సులోనే ఉండిపోయిన మనిషి. ఆమె తల్లికి జబ్బు ముదిరినప్పుడు ఆయన ఆలస్యంగా కబురు చేశాడు. అప్పుడున్న చిన్న కారు వేసుకుని నర్సు పరుగెత్తింది. దిగేటప్పుడు కల్వర్టు దగ్గర కారు బురదలో కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, కారు కదల్లేదు. వెనక సీట్లో తల్లి ఒక్క మాటా అనకుండా పడుకుని ఉంది. ట్రాక్టరు వచ్చి లాగేసరికి పొద్దు వాలింది. తల్లి ఆసుపత్రి చేరింది గానీ ఇంటికి తిరిగి రాలేదు. కదపకుండా ఉంచాల్సిందని తండ్రి అన్నాడు. ముందే పిలవాల్సిందని కూతురు అంది. అవే ఆఖరి మాటలు.

ఆ వర్షాకాలం పోయాకే నర్సు ఈ బండి కొంది. పొడుగాటి వ్యాగను, నాలుగు చక్రాల పట్టు. ఏ బురదలోనూ దిగబడదని అమ్మినవాడు చెప్పాడు, అది నిజమే. బడికెళ్ళే ఆమె కూతురు దానికి తాబేలని పేరు పెట్టింది. వెనక సీట్లు మడిస్తే వడ్రంగి కిటికీ చట్రాలు పడతాయి. సీట్ల సందుల్లో బిస్కెట్ పొడి, రంపపు పొట్టు, ఎప్పుడో పోయిన రంగు పెన్సిళ్ళు. ఇంటిల్లిపాదీ అందులో కొంత కొంత కాపురం పెట్టారు. ఊళ్ళో ఇంత బండి ఎందుకని ఎవరైనా అడిగితే నర్సు నవ్వి ఊరుకునేది. ఏ దారి కోసం కొందో ఆ దారి మాత్రం ఇంతవరకూ తొక్కలేదు.

తను తొక్కని దారిలో అత్తగారు వారం వారం వెళ్ళి వస్తోందన్నమాట.

"ఆయన పిలిచారా?"

"పిలవలేదు. నేనే వెళ్ళాను. నువ్వు రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటే, వీడు మిషను చప్పుడులో ఉంటే, బండి పెరట్లో ఊరికే నిలబడి ఉండేది, నేనూ ఊరికే కూర్చునేదాన్ని." అత్తగారు బుట్టలో బట్టలు సర్దుతూ అంది. "నీకు చెప్పొద్దని మాట తీసుకున్నారు. తప్పేననుకో. ఇప్పుడు మాట తప్పుతున్నాను, అదీ తప్పే. కానీ మొన్నటినుంచీ ఫోను ఎత్తట్లేదమ్మాయ్. ఇవాళ నీకు సెలవు. లేకపోతే చాటుగా నేనే పోయుండేదాన్ని."

నర్సు లేచి తాళం చెవి అందుకుంది. వడ్రంగి కూడా లేచాడు.

"నువ్వుండు. పిల్ల బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఒకళ్ళుండాలి," అంది అతని తల్లి. ఆ గొంతుకు అతను చిన్నప్పటినుంచీ ఎదురు చెప్పలేదు. "ఆ టైరుతో పోవచ్చా?" అని మాత్రం భార్యని అడిగాడు.

"సిమెంటు మీదే ఇబ్బంది. మట్టిదారిలో చక్రాలకి కాస్త జారే చోటుంటుంది, సర్దుకుంటాయి. మెల్లగా పోతాను."

ఊరి చివర తారు రోడ్డు దిగాక వాన మొదలైంది. గట్టిగా కురిసే రకం కాదు, పని లేనివాడి కబుర్లలాగ ఎడతెగనిది. అత్తగారు పక్కసీట్లో నిటారుగా కూర్చుని, కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూ దారి చెబుతోంది.

"ఆ రాయికి ఎడమనుంచి పో. అదే నా టైరు మింగిన రాయి."

"అత్తయ్యా, నాన్న ఎలా ఉన్నారు?"

"చిక్కారు. కళ్ళు మసకేశాయి. చూపించుకోమంటే, వానచుక్క కనబడుతోంది కదా చాలు అంటారు. నేను తీసుకెళ్ళిన కూర తిని ఉప్పు తక్కువంటారు. వచ్చే వారం వేసుకెళ్తే ఎక్కువంటారు."

నర్సుకు నవ్వు వచ్చింది. ఏటవాలులో బండి ముందు చక్రాలు ఒక్కసారి జారాయి. ఆమె చేతులు బిగుసుకున్నాయి. ఆ మరుక్షణం వెనక చక్రాలు నేలను పట్టి బండిని పైకి తోశాయి. తోసిన సంగతి ఆమె నడుముకు తెలిసింది. అంతే, అంతకుమించి ఏమీ జరగలేదు. ఆ రోజు ఈ బండే ఉండి ఉంటే, అన్న ఆలోచన తలెత్తింది. దాన్ని ఆమె పూర్తి కానివ్వలేదు.

కల్వర్టు దగ్గర నీళ్ళు అంచు దాటి పారుతున్నాయి. ఆమె బండి ఆపింది.

"కింద రాళ్ళు కొట్టుకుపోయాయేమో చూసొస్తాను," అని అత్తగారు గొడుగు తీసుకుని దిగింది.

"నేను వెళ్తానత్తయ్యా."

"ఏ రాయి ఎక్కడుండాలో నీకేం తెలుసు. ఇంజను ఆపకు."

ఆవిడ కల్వర్టు పక్కనుంచి గట్టు పట్టుకుని వాగులోకి దిగిపోయింది. గొడుగు కొస కాసేపు కనబడి, తరవాత అదీ మరుగైంది. నర్సు ఒక్కతే మిగిలింది. ఆ రోజు చిన్న కారు దిగబడింది సరిగ్గా ఇక్కడే. చూడాలని లేకపోయినా కళ్ళు అటే పోయాయి. అక్కడ గడ్డి మొలిచి ఉంది.

పొగమంచులోంచి మనిషి ఒకడు నడిచి వస్తున్నాడు. పొడుగాటి వానకోటు, చేతిలో కర్ర. నీళ్ళు పాదాలు ముంచుతున్నా పట్టించుకోకుండా కల్వర్టు దాటాడు. బండిని చూసి చెయ్యెత్తాడు. ఆ నడక ఆమెకు తెలుసు. ఆయన నేరుగా వచ్చి పక్క తలుపు తీసి, కర్ర ముందు లోపల పెట్టి, మూలుగుతూ ఎక్కి కూర్చున్నాడు. కళ్ళద్దాలు పూర్తిగా ఆవిరి పట్టి ఉన్నాయి.

"సమయానికి వచ్చారు చెల్లెమ్మా," అన్నాడు. "ఫోను వానలో తడిసి చచ్చింది. కిందికి నడిచెళ్ళి మీకు ఫోన్ చేయిద్దామని బయల్దేరాను."

కళ్ళజోడు తీసి ఆయన తడి చొక్కాతోనే తుడుస్తున్నాడు. వేళ్ళు చలికి నీలం తిరిగాయి. ఆమె చెయ్యి తనంతట తను వెళ్ళి వేడిగాలి వచ్చే చిన్న కిటికీని ఆయన వైపు తిప్పింది. ఆయన చేతులు తుడవడం మానాయి. తరవాత మళ్ళీ మొదలుపెట్టాయి.

"జ్వరం దిగట్లేదు," అన్నాడు కొంచెం మెల్లగా. "మీరిచ్చిన మాత్రలు అయిపోయాయి. నర్సు కావాలి. నా కూతురు నర్సే. ఇన్నేళ్ళూ పలకరించకుండా ఉండి, ఇప్పుడు పని పడిందని ఎలా పిలవను? దానికేం తెలుసు, నేను కోపంతో ఉన్నాననుకుంటోంది. కోపం మొదటి వర్షాకాలంతోనే పోయింది చెల్లెమ్మా. తరవాత మిగిలింది సిగ్గు. కోపాన్ని దాటి రావచ్చు. సిగ్గుని దాటడానికి మీ బండి లాంటిది కావాలి."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆయన కళ్ళజోడు ఇంకా పెట్టుకోలేదు. ఒడిలోనే పట్టుకుని, ముందున్న అద్దంకేసి చూస్తూ మాట్లాడుతున్నాడు.

"నాన్నా," అంది ఆమె.

ఆయన ఉలిక్కిపడలేదు.

"తెలుసమ్మా," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"గాలి నా వైపు తిప్పినప్పుడు. మీ అత్తగారు తన వైపే తిప్పుకుంటుంది. అదీకాక, ఆవిడైతే తలుపు వేసేలోపే నన్ను తిట్టడం మొదలుపెట్టేది."

"తెలిసీ ఎందుకలా..."

"తెలియనట్టు ఉంటేనే చెప్పగలిగాను." ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. "జుట్టు కత్తిరించుకున్నావు."

"ఎప్పుడో."

"బావుంది."

ఆమె స్టీరింగు వదిలి ఆయన చల్లటి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. రోజూ ఎంతోమంది చేతులు పట్టుకుని నాడి చూసే మనిషి. ఇప్పుడు నాడి చూడలేదు. పట్టుకునే ఉంది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు, చేతులు మాత్రం తీసుకోలేదు.

వెనక తలుపు తెరుచుకుని గొడుగూ బురదా అత్తగారూ ఒకేసారి లోపలికి వచ్చారు. ముందు సీట్లో మనిషిని చూసి ఆవిడ నోరు తెరిచి, ఆ చేతుల్ని చూసి మూసేసింది. కాసేపాగి, "రాళ్ళు గట్టిగానే ఉన్నాయి, పోవచ్చు," అంది.

అప్పుడు నర్సుకు తోచింది. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. చేతులు చల్లగా ఉన్నాయి.

"నాన్నా, జ్వరం ఎవరికి?"

అద్దంలో అత్తగారు కిటికీ బయటికి చూస్తోంది.

"అంతదాకా నేను చెప్పలేదన్నయ్యగారూ," అంది చివరికి. "అది మీరు చెప్పాల్సింది."

"చెప్పడం నా వల్ల కాదు. చూపిస్తాను." ఆయన కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. "ఆసుపత్రిలో మీ అమ్మ నాతో ఒక మాట అంది. నువ్వు మందుల కోసం కిందికెళ్ళినప్పుడు. ఇన్నాళ్ళూ ఆ మాట పట్టుకుని ఒక మనిషిని వెతుకుతూ తిరిగాను. ఎన్ని ఊళ్ళు తిరిగానో ఈవిడకి తెలుసు. పోనీ బండి."

నర్సు ఇంకేమీ అడగలేదు. రోగి దగ్గరికి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు తరవాత అన్నది ఆమెకు ఉద్యోగం నేర్పిన పద్ధతి. చిన్న గేరులో వేసి నీళ్ళలోకి దింపింది. నీళ్ళు చక్రాలకు కొట్టుకుని రెండు పక్కలా లేచాయి. అవతలి ఒడ్డున మట్టి పట్టు వదిలింది. ఒక చక్రం ఊరికే తిరిగింది, తక్కిన మూడూ పని అందుకున్నాయి. బండి నెమ్మదిగా, ఎవరినీ కుదపకుండా గట్టెక్కింది. పక్కన తండ్రి ఊపిరి వదలడం వినబడింది.

పైన వాన తగ్గింది. మంచు విడిపోయిన చోట గాలి కొలిచే స్తంభం, దాని పక్కన పెంకుటిల్లు. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. ఆమె పుట్టి పెరిగిన ఇల్లు. తలుపుకు కొత్త రంగు వేశారు. కిటికీలకు తెరలున్నాయి. తండ్రి తెరలు కట్టే మనిషి కాదు.

బండి చప్పుడుకు తలుపు తెరుచుకుంది. దుప్పటి కప్పుకున్న స్త్రీ ఒకతె బయటికొచ్చి గుమ్మం పట్టుకుంది. నర్సు కంటే కొన్నేళ్ళు పెద్దది కావచ్చు. జ్వరంతో ముఖం వాడి ఉంది. వచ్చింది ఎవరా అని కళ్ళు చికిలించి చూస్తూ, బరువంతా ఒక కాలి మీద వేసి, ఎడమ చెయ్యి మడిచి వెనక నడుముకు ఆనించుకుని, తల కొంచెం పక్కకు వాల్చి నిలబడింది.

నర్సు ఇంజను ఆపింది. తాళం చెవి మీదే చెయ్యి ఉండిపోయింది. అలా నిలబడే మనిషిని ఆమె తన జీవితంలో ఒక్కరినే ఎరుగును. ఆ మనిషిని ఈ ఇంటినుంచే, ఈ దారినే, తన చేతులతో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.